మీలితాలంకారం: గోల్ ఘర్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
అద్దమందు నద్దమమరెను ఫోనులో
నక్షరంబు వెనుక నబ్ధి మెరసె
చుట్టమెవరొ పిలువఁ జూడంగ రాదాయె
గోలుఘరున జనుల గోల గనుడు!

అవతారిక: టీకాకారుడే కవి. కర్తృత్వం మీద వివాదం లేదు. కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. మనకా నియమం లేదు.

ప్రతిపదార్థం: అద్దమందున్ = ఫోను మీది గాజులో; అద్దము = ఆపిల్ వారు 2025 జూన్ 9న ప్రకటించి, సెప్టెంబరు 15న ఐఓఎస్ 26తో పంపిన లిక్విడ్ గ్లాస్ అనెడి రెండో గాజు; అమరెను = అప్‌డేట్ నొక్కిన పాపానికి వచ్చి కూర్చుంది; అక్షరంబు వెనుకన్ = నోటిఫికేషన్ రాత వెనక; అబ్ధి = సముద్రము, అనగా వాల్‌పేపరుగా పెట్టుకున్న కార్బిన్స్ కోవ్ ఫొటో; మెరసెన్ = రాతను మింగేలా తళుక్కుమంది; చుట్టము ఎవరొ పిలువన్ = విశాఖ నుంచో శ్రీకాకుళం నుంచో ఫోను చేసి పెట్టేయగా; చూడంగ రాదాయె = లాక్ స్క్రీన్ మీద మిగిలిన పేరు పోల్చుకోవడం కుదరలేదు; గోలుఘరునన్ = శ్రీ విజయపురంలో, అనగా 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్లో, గోల్ ఘర్ పేటలో (ఉకారం గణం కోసం. ఆటోవాడితో అలా అనకండి); జనుల గోల కనుడు = స్పష్టము.

తాత్పర్యం: పేరు కనబడలేదు.

విశేషాలు: ఇక్కడ పూర్వపక్షి, అంటే డిజైనరు, లేచి "గాజు వెనకున్న బొమ్మకు అడ్డు రాదు, అదే దాని సొగసు" అంటాడు. అయ్యా, రాత పని అడ్డు రావడమే. వెబ్ ప్రమాణాల వారు మామూలు సైజు అక్షరానికీ దాని నేలకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని 2008 నాటి అందుబాటు నియమాల రెండో కూర్పులోనే రాసిపెట్టారు. గాజు నేల మీద ఆ లెక్క ఎవరు కట్టాలి? అదే పేరు రాయి మీద పడితే చదవొచ్చు, నురగ మీద పడితే గల్లంతు.

పైగా ఊరు 11.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. తెర మీద పడి తిరిగొచ్చే ఎండ అక్షరానికీ నేలకూ సమానంగా వెలుగు కలుపుతుంది కాబట్టి ఉన్న కాస్త తేడా కూడా సన్నగిల్లుతుంది. పాలిచ్చే గేదెకు నీళ్లు పెట్టినట్టు కాదు, పాలల్లోనే కలిపినట్టు.

తెలుగు లిపికి ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. మనకు తేడాలన్నీ తోకల్లో, కొమ్ముల్లో ఉంటాయి. 'వ'కు తోక తగిలిస్తే 'మ'. గుడి కొస చుట్టుకుంటే దీర్ఘం. సన్నటి తెల్లగీత నురగలో కలిసిందా, మామ కాస్తా వావ అవుతాడు. ఇంగ్లీషు పేరైతే మొదటక్షరం పట్టుకుని ఊహించవచ్చు. వావ ఎవరని ఊహించాలి?

గాజుమతం ప్రాచీనమే. 2007 జనవరిలో విండోస్ విస్టా ఏరో పేరుతో కిటికీలకు గాజులు బిగించింది, 2012లో విండోస్ 8 వాటిని ఊడబీకింది. మరుసటేడు ఐఓఎస్ 7 సన్నక్షరాలతో పాటు ఆ మతం పుచ్చుకుంది. ఆ మతం మీద ఇదివరకే వ్యాఖ్యలు చాలా ఉన్నాయి, విస్తరభీతిచే విడిచితిమి.

అలంకారం: మీలితం. రెండు వస్తువులకు రంగు ఒకటై ఒకటి రెండోదాంట్లో కలిసిపోతే ఆ పేరు. తెల్లని రాత, తెల్లని నురగ. లక్షణం ఇంత చక్కగా కుదిరిన లక్ష్యం మరోటి దొరకదు, ఆ మాటకు డిజైనరును మెచ్చుకోవాలి.

కలిసిపోయింది మళ్లీ విడిగా తెలిస్తే ఉన్మీలితం. అందుకు మార్గం: సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, అక్కడ రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ. 2025 నవంబరులో వచ్చిన ఐఓఎస్ 26.1 ఉంటే డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లో లిక్విడ్ గ్లాస్ కింద టింటెడ్ కూడా ఎంచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ముందు మార్చండి.