సింహాదులు కనబడవచ్చును: ఒక పూట సఫారీకి టీకా తాత్పర్యం

అవతారిక

కెన్యా రాజధాని నడిబొడ్డుకు సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలో, 117 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న నైరోబీ నేషనల్ పార్కుకు ఒక్క పూటలో వెళ్లి రాదలచిన యాత్రికుల చేతికి అందే కరపత్రాలు, అచ్చు వేయించినవారు ఎవరైనా, సారాంశంలో నాలుగే వాక్యాలు చెబుతాయి. పైకి సులభంగా కనిపించినా లోపల ముళ్లు చాలా ఉన్న ఈ వాక్యాలకు ఇంతవరకు టీక వెలువడకపోవడం విచారకరం. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన మెదకుసీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి కాలానికి ఈ కరపత్రం లేదు; నేటి పండితులకేమో వ్యానులో కిటికీ పక్క సీటు మీద ఉన్న దృష్టి మూలం మీద లేదు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నది ఈ వ్యాఖ్య.

మూలం

ఉదయము ఆరు గంటలకు ప్రవేశము. సింహాదులు కనబడవచ్చును. వాహనము దిగరాదు. మధ్యాహ్న భోజనమునకు నగరము చేరుదురు.

ప్రథమ వాక్యం

ఆరు గంటలకు అనగా గేటు తెరిచే వేళకు అని అర్థం. నైరోబీ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ లోపు దక్షిణాన ఉన్నది గనుక అక్కడ సూర్యుడు ఏడాది పొడవునా ఆరుకూ ఏడుకూ మధ్యనే ఉదయిస్తాడు; వేసవి, శీతకాలం అనే తేడా ఆయన పాటించడు. అయితే ఇక్కడ ఒక పాఠాంతరం ఉన్నది. స్వాహిలీ లెక్కలో గంటలు సూర్యోదయంతో మొదలవుతాయి, అందుచేత గడియారం చూపే ఏడు ఆ భాషలో ఒంటిగంట అవుతుంది, ఆరు పన్నెండు అవుతుంది. డ్రైవరు తన భాషలో ‘సా సిత’, అనగా ఆరు గంటలు, అన్నాడంటే అది మిట్టమధ్యాహ్నమైనా కావాలి, నడిరాత్రి అయినా కావాలి. ఉదయాది ఘడియలు ఎంచే పంచాంగం ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతిలో వింతేమీ లేదు గాని, హోటలు గుమ్మం ముందు చీకట్లో నిలబడి వ్యాను కోసం ఎదురుచూసే సమయంలో ఆ పాండిత్యం అక్కరకు రాదు. ఆ నిలబడటం కూడా స్వెట్టరు వేసుకొనే జరగాలని సంప్రదాయజ్ఞులు చెబుతారు. పార్కు సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైన ఉండటం వల్ల అక్కడి తెల్లవారుజాము, ఆఫ్రికా అనగానే ఎండను ఊహించుకొని పలుచని చొక్కాతో బయలుదేరినవారిని గజగజ వణికిస్తుంది.

అంత పొద్దున ఎందుకు అని శంక. రోజులో ఇరవై గంటల దాకా పడుకొనే అలవాటు సింహానిది, దాని మెలకువ చల్లని వేళల్లోనే గనుక, దానిని కదులుతుండగా చూడదలచినవాడు తన నిద్రను వదులుకోవాలని సమాధానం.

ద్వితీయ వాక్యం

సింహము ఆదిగా గలవి సింహాదులు. ఈ ‘ఆది’లో ఏవేవి చేరతాయన్నది ఈ గ్రంథంలోని ప్రధాన వివాదం. ఒక పక్షం వారు సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అనే ఐదింటినే గ్రహించి, దానికి ‘బిగ్ ఫైవ్’ అని పేరు పెట్టి, చూసినదాని పక్కన టిక్కు పెట్టుకుంటూ పోతారు. ఈ పట్టిక వేటగాళ్లు కట్టినది. కాలినడకన వేటాడబోతే లొంగక మీదపడే జంతువులివి అని దాని భావం, అంతేగాని ఆకారంలో పెద్దవని కాదు. పెద్దతనమే లెక్కకు వస్తే జిరాఫీని, నీటిగుర్రాన్ని బయట నిలబెట్టడం అన్యాయం కాదా? తుపాకి చేతబట్టి కట్టిన పట్టికను కెమెరా చేతబట్టినవాడు మార్చకుండా వాడుకోవడం ఈ టీకాకారునికి సమ్మతం కాదు.

పైగా ఈ క్షేత్రంలో ఐదు కుదరవు, నాలుగే. నైరోబీ పార్కు గడ్డిమైదానంలో స్వేచ్ఛగా తిరిగే ఏనుగులు లేవు. ఏనుగు లేకపోయినా ఏనుగు చరిత్ర మాత్రం ఇక్కడ ఉన్నది. 1989లో అధ్యక్షుడు డేనియల్ అరాప్ మోయి 12 టన్నుల దంతాలను ఈ పార్కులోనే పేర్చి నిప్పంటించాడు. 2016 ఏప్రిల్‌లో మళ్లీ ఇక్కడే 105 టన్నులు తగులబెట్టారు. దొంగవేటగాళ్ల నుంచి స్వాధీనమైన ఆ సరుకు ఎంత ధర పలికినా అమ్మబోమని లోకానికి చాటడం ఆ హోమాల ప్రయోజనం. బూడిద మిగిలిన ఆ చోటు నేడు యాత్రికులు దిగి ఫలహారం చేయడానికి అనుమతి ఉన్న స్థలాల్లో ఒకటి. ఇక సజీవమైన ఏనుగును చూసి తీరాలనేవారికి పార్కు అంచున, 1977లో ఆరంభమైన షెల్డ్రిక్ సంస్థవారి అనాథ గున్నల ఆశ్రమం ఉన్నది. తల్లిని పోగొట్టుకొన్న గున్నలు అక్కడ సీసా పాలు తాగి, కాస్త ఎదిగాక సావో అడవులకు తరలుతాయి. పాలు తాగే గున్నను చూసి బిగ్ ఫైవ్ పట్టికలో టిక్కు పెట్టవచ్చునా అన్న ప్రశ్నను పండితులు ఇంకా తేల్చలేదు.

ఖడ్గమృగం విషయంలో ఈ పార్కు కీర్తి నిజమైనది. నల్ల ఖడ్గమృగాలకు ఇది పేరుమోసిన రక్షణ స్థలం. నల్లనిది, తెల్లనిది అని రెండు తెగలున్నా రెండింటి రంగూ బూడిదే అయినందున, రంగును నమ్మి గుర్తుపట్టబోయినవాడు భంగపడతాడు, పెదవిని చూడాలి. కొమ్మలు, రెమ్మలు లాగి తినేదానికి పై పెదవి కొక్కెంలా వంగి ఉంటుంది, గడ్డి మేసేదానికి మూతి బల్లపరుపుగా ఉంటుంది. చూపు మందమైన ఈ జంతువు వీపు మీద కూర్చొని పేలను ఏరుకొనే పిట్టను స్వాహిలీలో ఖడ్గమృగపు కావలివాడు అంటారు. అపాయం పసిగట్టినప్పుడు అది కూత పెడుతుంది గనుక ఆ ఉద్యోగం దానికి తగినదే.

‘కనబడవచ్చును’ అన్న క్రియ మీద కరపత్రం మొత్తం నిలబడి ఉన్నది. కనబడును అని రాసినవాడు డబ్బు తిరిగి ఇవ్వవలసి వస్తుంది. ఎక్కడో ఒక డ్రైవరుకు సింహం కంటబడితే ఆ కబురు రేడియోలో పాకి, పైకప్పు ఎత్తిన వ్యానులు నలుదిక్కుల నుంచి వచ్చి వలయం కడతాయి. వలయం మధ్యలో సింహం పొట్ట పైకి పెట్టి పడుకొని ఉంటుంది. యాత్రికులు దాని చెవి కదిలినందుకు సంతోషిస్తారు. ఈలోగా ఆ వలయం వైపు పరుగుతీసిన దారిలో ఏమేమి వెనకబడిపోయాయో ఎవరూ అడగరు. చెదల పుట్ట ఎక్కి కాపలా కాస్తున్నట్టు నిలబడిన కొంగోని అనే పొడవుమూతి జింక, ఒక్క మగదాని ఏలుబడిలో సాగే ఇంపాలాల గుంపు, పామును కాళ్లతో తన్ని చంపే సెక్రెటరీ పక్షి, ఈలవేసే తుమ్మ: ఇవన్నీ ‘వచ్చును’తో పని లేకుండా కనబడేవే. ఈ తుమ్మకు ముళ్ల మొదట్లో నల్లని ఉబ్బు కాయలుంటాయి, వాటిని తొలిచి చీమలు కాపురముంటాయి, ఆ రంధ్రాల గుండా గాలి వీచినప్పుడు చెట్టు ఈల వేస్తుంది. ఆకు తినబోయిన జిరాఫీ మూతి మీదికి చీమలు దండెత్తుతాయి. సింహం పడుకొన్న అరగంటలో ఈ చెట్టు దగ్గర జరిగే యుద్ధం చూడదగినదని ఈ వ్యాఖ్య నిర్ణయం.

తృతీయ వాక్యం

‘వాహనము దిగరాదు’ అనేది సామాన్య నిషేధం, దానికి అపవాదాలున్నాయి. నిర్ణీత విశ్రాంతి స్థలాల్లో దిగవచ్చు. నీటిగుర్రాల మడుగు వద్ద తుపాకి పట్టిన రేంజరు వెంట ఏటి ఒడ్డున నడవవచ్చు. నిషేధం మనుషులకే గనుక, వాహనం ఎక్కరాదని బబూన్ కోతులకు ఎవరూ చెప్పలేదు. తెరిచిన కిటికీలో నుంచి అరటిపండు పోగొట్టుకొన్నవారు దీనిని మూలంలోని లోపంగా భావిస్తారు. వానల్లో మరొక చిక్కు ఉన్నది. పార్కులో చాలా భాగం నల్లరేగడి. తడిసిన రేగడిలో బండి చక్రం ఏమవుతుందో తెలుగు పాఠకులకు టీక అవసరం లేదు.

చతుర్థ వాక్యం

భోజనం గురించి చెప్పవలసింది కొద్దే: ఉదయమంతా వెతికినా దొరకని మాంసాహార దృశ్యం ‘న్యామా చోమా’, అనగా నిప్పుల మీద కాల్చిన మాంసం, పేరుతో నగరంలో బల్ల మీద తప్పక కనబడుతుంది.

‘నగరము చేరుదురు’ అన్నది మాత్రం గంభీరమైన వాక్యం. నగరం అంత దగ్గరగా ఉండటం వల్లనే ఈ యాత్ర ఒక పూటలో సాధ్యం. ఈ వనం పుట్టుకకూ ఆ సామీప్యమే కారణం. నైరోబీలోనే పుట్టిన మెర్విన్ కోవీ, ఊరు పెరుగుతూ జంతువులు తరుగుతూ ఉండటం చూసి, జంతువులన్నిటినీ చంపివేయాలని వాదిస్తూ ‘పాత వలసదారు’ అనే మారుపేరుతో పత్రికకు లేఖ రాశాడు. జనం కోపించారు, రక్షణ కావాలని అడిగారు, కోవీ కోరుకున్నదీ అదే. పూర్వపక్షాన్ని సిద్ధాంతి స్వయంగా రచించి ప్రకటించిన ఉదాహరణలు శాస్త్రగ్రంథాల్లో కొల్లలు, అడవుల చరిత్రలో అరుదు. 1946లో కెన్యా తొలి నేషనల్ పార్కు ఇలా ఏర్పడింది; ఆ నేల మీద పశువులు మేపుకొంటున్న మసాయిలను అక్కడి నుంచి తొలగించారు, వారి అభిప్రాయం అడిగిన లేఖ ఏదీ ఈ కథలో రాదు.

ఇప్పుడు అధ్యాహారం. ‘చేరుదురు’ అన్న క్రియకు కర్త యాత్రికులు. కాని ఈ క్షేత్రంలో యాత్ర వారిది మాత్రమే కాదు. ఉత్తరం, తూర్పు, పడమర దిక్కుల్లో కంచె ఉన్న ఈ పార్కుకు దక్షిణాన ఎంబగాతి నది మాత్రమే హద్దు. వానలు పడినప్పుడు విల్డ్‌బీస్టులు, జీబ్రాలు ఆ నది దాటి కిటెంగెలా, అథీ-కపిటి మైదానాలకు మేతకు పోతాయి. నేల ఎండినప్పుడు నీటి కోసం పార్కులోకి తిరిగి వస్తాయి. యాత్రికునికి పొడి నెలల్లో ఎక్కువ జంతువులు కనబడటానికి రహస్యం ఇదే. ఆ దారిలో ఇళ్లు, కంచెలు, సిమెంటు మిల్లులు లేచిన కొద్దీ, 1970ల చివర పాతికవేలకు పైబడి ఉన్న విల్డ్‌బీస్టులు 2010 నాటికి అయిదు వేల దరిదాపులకు దిగిపోయాయి. 2019 నుంచి పార్కు మీదుగా వంతెన ఎక్కి రైలు కూడా నడుస్తున్నది. జిరాఫీ తలకు తగలనంత ఎత్తున స్తంభాలు కట్టారు, ఫోటోలో మాత్రం అవి తప్పక తగులుతాయి. దక్షిణాన భూములున్న మసాయి కుటుంబాలు కంచె వేయకుండా ఉన్నందుకు ఎకరానికి ఏటా నాలుగు డాలర్ల చొప్పున చెల్లించే ఏర్పాటు 2000లో మొదలైంది. ప్లాట్లుగా కోసి అమ్మితే అదే ఎకరం తెచ్చే ధర ముందు ఆ నాలుగు డాలర్లు ఏపాటివో చెప్పడానికి లెక్కల పండితులు అక్కరలేదు.

కాబట్టి మూలంలో ‘దక్షిణమున కంచె లేదు’ అని ఒక వాక్యం లోపించినట్టు గ్రహించి, తృతీయ, చతుర్థ వాక్యాల నడుమ దానిని చేర్చి చదువుకోవాలి. కరపత్రాల్లో ఆ చోట ప్రస్తుతం శాకాహారం కావలసినవారు ముందుగా తెలపాలన్న సూచన అచ్చవుతున్నది.