రాజుగారి బిళ్ళ

నేను కంచు బిళ్ళను. అడ్డకొలత 12 సెంటీమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల ఇళ్ళకు బ్రిటిష్ ప్రభుత్వం నాలాంటివి 13 లక్షలకు పైగా పంపింది. లివర్‌పూల్ శిల్పి కార్టర్ ప్రెస్టన్ గీసిన బ్రిటన్ ప్రతీక బ్రిటానియా, సింహం, డాల్ఫిన్ల సంగతి అలా ఉంచండి. నాకు గర్వమల్లా నా మీదున్న చిన్న గడి గురించే. అందులో పేరు మాత్రమే పోతపోశారు, హోదా లేదు. జనరలైనా సిపాయైనా అంతే. తూటాతో పోయాడా, రోగంతో పోయాడా అని కూడా నేను అడగను.

ఊరు అడిగింది. నా గడిలో ఉన్నది గోదావరి ఒడ్డు కుర్రాడి పేరు. మద్రాసు సాపర్లనే సైనిక ఇంజనీరింగ్ దళంలో చేరి మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) వెళ్ళాడు. 1916లో అక్కడ కాయగూరలు అందక మన సిపాయిల చిగుళ్ళు వాచి నెత్తురు కారేవి. పైగా కలరా, జిగట విరేచనాలు. ఆ విరేచనాలతోనే బస్రాలో కన్నుమూశాడు. వైద్యం ఏర్పాట్లు అధ్వానమని 1917లో విచారణ సంఘం తేల్చాక, భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. 1918లోనే మంత్రివర్గంలోకి తిరిగొచ్చాడు కూడా. మావాడు రాలేదు. వాడికి బదులు నేనొచ్చాను.

"గుండు తగిలిందా వదినా?" అని పలకరించడానికి వచ్చినావిడ అడిగింది.

"లేదమ్మా, కడుపులో జబ్బు చేసిందంట."

"అయ్యో, దానికి అంత దూరం పోవాలా!"

ఆ తల్లి మళ్ళీ ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నన్ను మాత్రం దేవుడి గూట్లో పెట్టి పసుపు రాసేది. చదువు రాకపోయినా, ఉబ్బెత్తుగా ఉన్న ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చేది.

ఆవిడ పోయాక గూడు ఖాళీ చేశారు. చల్లముంతకు సరిగ్గా సరిపోయానని నన్ను మూత చేశారు. పులుపు తగిలి చిలుం పట్టాను. చల్ల పాడైపోతోందని తిట్లు కూడా నాకే! తర్వాత మంచంకోడు కింద ఎత్తుగా పెట్టారు. ఏళ్ళ తరబడి బ్రిటానియా మొహం నేలకేసి ఉంది. మనవడి కాలంలో పాత సామాన్లవాడు బంగారమేమోనని రాతి మీద గీసి చూసి, కాదని తేలాక పగిలిన గంటెలతో కలిపి తూచాడు. కంచు కంచే కదా అన్నాడు. అదీ నిజమే.

ఇప్పుడు పట్నంలో ఒక సేకరణదారుడి అద్దాల బీరువాలో ఉన్నాను. తోమించి మెరిపించాడు. కృతజ్ఞత లేదనను. కానీ వచ్చినవాళ్ళందరికీ, మావాడు శత్రువు మీదికి దూకుతూ గుండెల్లో తూటా తిన్నాడని కథ చెబుతున్నాడు. విరేచనాలంటే ధర పలకదట.