గళ్లలో లెక్కపెట్టిన ఇల్లు

నేను 1841 మార్చి 2 నాటి జనాభా లెక్కల కాగితాన్ని. ఊరు సిడ్నీ. నా మీద పేరంటూ ఉన్నది ఇంటి యజమానికే, మిగతావాళ్లంతా అంకెలే. 1828లో రాసిన లెక్కలో మనిషి మనిషికీ పేరు, వయసు, ఎక్కి వచ్చిన ఓడ కూడా రాశారు. నా వంతు వచ్చేసరికి ఆ ఓపిక అయిపోయింది. ఈ నేల అసలు మనుషులైన ఆదివాసులకైతే నాలో గడే లేదు.

వయసుకు ఏడు గళ్లు: 2 ఏళ్ల లోపు, అక్కడి నుంచి 7 లోపు, 14 లోపు, 21 లోపు, 45 లోపు, 60 లోపు, ఆపైన. మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు.

ఇప్పుడు నా ఫొటో ఓ తెలుగమ్మాయి కంప్యూటర్‌లో ఉంది. భర్త ఇక్కడివాడే, వాళ్ల పూర్వీకుల కోసం వెతుకుతోంది. పక్కన అవనిగడ్డ నుంచి వచ్చిన నాన్న. బడిపంతులుగా 1981 జనాభా లెక్కలు ఇంటింటికీ తిరిగి రాసినాయన.

"ఇదేం లెక్కమ్మా! 21 వాడూ 44 వాడూ ఒకే గడిలోనా? మావాళ్లు నయం. వయసు చెప్పలేకపోతే 'ఉప్పెనప్పుడు చంకలో ఉన్నాడయ్యా' అనేవాళ్లు. ఉప్పెన 1977లోగా, దాన్నిబట్టి వయసు రాసేసుకునేవాణ్ణి."

నిజమే, నా పెద్ద గళ్లు దండగ. పనికొచ్చేవి చిన్నవి. 2 లోపు గడిలో ఒక మగపిల్లాడు ఉన్నాడంటే 1839 మార్చికీ 1841 మార్చికీ మధ్య పుట్టినట్టే. ఈ కాలనీలో జనన నమోదు 1856లో గానీ రాలేదు కాబట్టి చర్చి బాప్తిస్మం రిజిస్టరే దిక్కు. ఏ చర్చి? ఆ గళ్లూ నాలో ఉన్నాయి. ఈ ఇంట్లో ఏడుగురిలో ఆరుగురు రోమన్ కాథలిక్కులు. అమ్మాయి ఆ రిజిస్టర్లు పట్టుకుంది. పిల్లాడు దొరికాడు, తల్లి పేరూ దొరికింది.

"మరి 1881 లెక్కలో పెద్దవాడై కనిపిస్తాడుగా?" అన్నాడాయన.

"అవి లేవు నాన్నా. వాటిని దాచిన గార్డెన్ ప్యాలెస్ 1882 సెప్టెంబరు 22న తగలబడింది, వాటితో సహా."

కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లు నాలో ఉన్నవాళ్లందరినీ చుట్టాలనుకుంటారు. కానీ నా లెక్కలోకి వచ్చేది, చుట్టాలైనా కాకున్నా, ఆ ఇంట్లో ఉన్నవాళ్లంతా. ఈ ఇంట్లో ఒకడు ఇంటి యజమాని దగ్గర పనికి సర్కారు అప్పగించిన ఖైదీ. 14 నుంచి 21 లోపు గడిలో ఒక పిల్ల, పెళ్లికానిది. ఏడో మనిషి, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గడిలో ఉన్నది, ఈ ఇద్దరిలో ఎవరు?

"పిల్లే. పనిమనిషి అయ్యుంటుంది."

"కాదు నాన్నా, ఖైదీ అయ్యుంటాడు. ఈ పిల్ల ఇల్లాలి చెల్లెలేమో!"

తల్లి పుట్టింటి పేరు బాప్తిస్మం రిజిస్టర్లో ఉందిగా అంటూ, ఆ ఇంటిపేరున్న కన్యల కోసం 1841 తర్వాతి పెళ్లిళ్ల పేజీలు తెరిచింది.