కొయ్యచేప వేగం

నేను కొయ్యచేపను. తొమ్మిది అంగుళాల సీడార్ చెక్క నా ఒళ్ళు. పొట్టలో కరిగించి పోసిన సీసం, ముక్కు నుంచి తోక దాకా దూర్చిన స్టీలు తీగ, ఆ తీగకు వేలాడే మూడు గాలాలు, ఒక్కోదానికి మూడేసి కొనలు. మూతి కింద గాజులా కనిపించే పాలీకార్బొనేట్ పలక. ఒంటి మీద పెర్చ్ చేప చారలు. నన్ను చెక్కింది కెనడాలో, సెయింట్ క్లెయిర్ సరస్సుకు ఒంటారియో వైపు ఒడ్డున, ఒక ఇంటి గరాజులో. మస్కీని నమ్మించడం నా పని.

మస్కీ అంటే మస్కలంజ్. పైక్ జాతి చేపలన్నిటిలోకీ పెద్దది, ఉత్తర అమెరికా మంచినీళ్ళకే సొంతం. మీ కొరమీను ఎలా మాటేసి ఒక్క ఉదుటున మీద పడుతుందో ఇదీ అంతే. కాకపోతే నాలుగడుగులు పెరుగుతుంది, దొరికితే బాతుపిల్లనైనా మింగుతుంది. పదివేల సార్లు గాలం విసిరితే ఒక్కసారి పడే చేప అని ఇక్కడివాళ్ళ మాట. ఈ సరస్సులో విసురుతూ కూర్చుంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల నీళ్ళు, సగటు లోతు చూస్తే 11 అడుగులే. అడుగంతా చదును. ఫలానా గుట్ట పక్కన, ఫలానా గుంటలో ఉంటుందని పట్టుకోవడానికి ఆనవాళ్ళు తక్కువ. అందుకే పడవ నడుపుతూ వెనక ఎరల్ని లాగుతారు. దీన్నే ట్రోలింగ్ అంటారు. రోజంతా మైళ్ళకు మైళ్ళు నీళ్ళు గాలిస్తారు. ఎక్కడ వెతకాలన్న బెంగ అలా సగం తీరుతుంది. ఏ ఎర, ఎంత వేగం అన్న రెండు ప్రశ్నలు మిగులుతాయి. నన్నడిగితే అవి రెండూ ఒకటే.

ఎందుకో చెబుతాను. పడవ కదలగానే నీళ్ళు నా పలక మీద తోస్తాయి, ముక్కు కిందికి దిగుతుంది. ఆ తోపుడు ఒక పక్కకు జారితే ఒళ్ళు అటు వాలుతుంది. పొట్టలో సీసం మళ్ళీ నిలబెడుతుంది. ఈసారి రెండో పక్కకు వాలతాను. ఇదే నా ఈత. గంటకు 2 మైళ్ళప్పుడు బద్ధకంగా ఊగుతాను. 4 మైళ్ళకు ఊగుడు కాస్తా వణుకవుతుంది, గాలాలు పొట్టకు తగిలి టకటకమంటాయి. ఆ అదురు నీళ్ళలో పాకి, మస్కీ ఒంటి పక్కన కదలికల్ని పసిగట్టే పార్శ్వరేఖకు అందుతుంది. బురదనీళ్ళలో దాని కంటికి నేను కనబడకముందే ఒంటికి తెలిసిపోతాను. ఇంకా వేగం పెంచితే ఏదో ఒక చోట అదుపు తప్పుతుంది. పక్కకు తిరగబడి పైకి తేలిపోతాను. ఆ హద్దు ప్రతి కొయ్యకూ వేరు. పలక ఒంటికి తిన్నగా, పొడుగ్గా ఉన్నది లోతుకు దిగుతుంది, బిగుతుగా వణుకుతుంది. పలక కిందికి వంగి ఉన్నది పైపైనే, వెడల్పుగా ఊగుతుంది. దారం ఎక్కువ వదిలితే ఇంకాస్త లోతు. సన్నదారమైతే నీళ్ళు పట్టి ఆపేది తక్కువ కనుక మరికాస్త.

ఈ సరస్సులో గత శతాబ్దం మధ్యలో హోమర్ లెబ్లాంక్ అనే గైడు ఉండేవాడు. ఆయన తయారుచేసిన స్విమ్ విజ్ ఎరకు దారం కట్టడానికి రెండు కన్నాలు. ఒకదానికి కడితే పైన ఈదుతుంది, రెండోదానికి కడితే లోతుకు దిగుతుంది. ఒక్క కొయ్యతో రెండు ఈతలు! అంతకన్నా సాహసం ఆయన ఎరను పడవ ఫ్యాను నురగలోనే లాగడం. ఇంజను చప్పుడుకు చేప పారిపోతుందని అందరూ నమ్మే చోట, పడవకు పది పదిహేను అడుగుల వెనకే చేపలు పట్టి చూపించాడు. ఇవాళ్టికీ చాలా పడవల్లో కనీసం ఒక గాలపు కర్ర ఆ నురగలోకి వంగి ఉంటుంది. నన్నూ అక్కడ లాగారు. బుడగల మధ్య ఒకసారి కనబడి, ఒకసారి మాయమయ్యే ఎరను తేరిపార చూసే వీలు చేపకు ఉండదు. అనుమానం కలిగేలోపు నోరు మూసేయాలి.

వేగం గుట్టంతా అక్కడే ఉంది. వేసవిలో నీళ్ళు వెచ్చబడ్డాక మస్కీ ఒళ్ళు చురుగ్గా ఉంటుంది, ఆకలి పెరుగుతుంది. అప్పుడు నాలుగున్నర, ఐదు, ఒక్కోసారి అంతకు మించి. అంత జోరుకు తట్టుకునే బిగువైన ఎరలే కావాలి. జూన్ మొదట్లో, గుడ్లు పెట్టిన అలసట తీరని రోజుల్లో చిన్న ఎరలు, మూడు నాలుగు మైళ్ళు. నవంబరు వచ్చేసరికి నీళ్ళు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. చేప బరువెక్కి ఉంటుంది, దూరం తరమదు. రెండున్నర నుంచి మూడున్నర దాకా, వెడల్పుగా ఊగే పెద్ద కొయ్యలు. ఆ నెల నాకన్నా మూడంగుళాలు పొడుగున్నవాళ్ళకు పని ఎక్కువ. అయితే పెద్ద చేపకు పెద్ద ఎరే కావాలన్నది రాసిపెట్టిన శాసనం కాదు. ఒంటారియోలో ఇప్పటికీ రికార్డుగా నిలిచిన 65 పౌండ్ల మస్కీని కెన్ ఓబ్రయన్ 1988 అక్టోబరులో జార్జియన్ బేలో పట్టాడు, ట్రోలింగ్ చేస్తూనే. ఆ ఎర అరచేతిలో ఇమిడేది. దాని సంగతి తలచుకుంటే చిన్న కొయ్యలంటే నాకు గౌరవం పెరుగుతుంది.

పడవలో జీపీఎస్ చూపే వేగం నేల మీద లెక్క. నా ఒంటికి తగిలేది నీళ్ళ వేగం. సరస్సు దిగువన డెట్రాయిట్ నదిలోకి వెళ్ళినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నది గంటకు ఒకటిన్నర మైళ్ళు పారుతోందనుకోండి. తెర మీద 4 కనబడుతూ ఎదురు వెళితే నాకు ఐదున్నర, వాలుకు వెళితే రెండున్నర. తెర మీద ఒకే అంకె ఉన్నా నేను ఒక దారిలో పిచ్చిగా కొట్టుకుంటాను, మరో దారిలో నిద్రపోతాను. మా కెప్టెన్‌కు ఇది బాగా తెలుసు. ఆవిడ తెర కన్నా కర్ర కొసనే ఎక్కువ చూస్తుంది. నేను సరిగ్గా ఈదుతుంటే కొస సన్నగా, ఆగకుండా అదురుతుంది. అదురు ఆగిందంటే పలకకు నాచు చుట్టుకుందన్నమాట. చిటికెడు నాచు చాలు, నేను ఉత్త చెక్కనైపోతాను.

ఈ నాచు వెనకా ఒక కథ ఉంది. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీబ్రా మసెల్ ఆల్చిప్పలు ఉత్తర అమెరికాలో మొదట బయటపడింది ఈ సరస్సులోనే, 1988లో. అవి నీళ్ళను వడగట్టేశాయి. వెలుతురు అడుగుకు చేరింది, నాచు పెరిగింది, మస్కీకి మాటు దొరికింది. రంగుల లెక్కా మారింది. తేటనీళ్ళలో నా పెర్చ్ చారల్లాంటి సహజమైన రంగులు, గాలి లేచి బురద రేగిన చోట నారింజ, నిమ్మపచ్చ. తేటనీళ్ళు, బురదనీళ్ళు కలిసే గీత వెంబడి పడవ నడిపితే మంచిది. మస్కీ ఆ గీతకు మురికి వైపున దాక్కుని, తేట వైపుకు చూస్తూ ఉంటుంది. రంగు గురించి పడవలోవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, వేగం కుదరని రోజున ఏ రంగూ ఆదుకోవడం నేను చూడలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం. పడవకు రెండు పక్కలా, ఎరల్ని పడవకు దూరంగా లాగిపట్టే తేలుడు బోర్డులు, వాటికి దారాలు. నేను కుడివైపు. పొద్దున్నుంచి నాలుగు మైళ్ళ మీద ఒక్క దెబ్బ లేదు. కెప్టెన్ పడవను ఎడమకు తిప్పింది. మలుపులో లోపలి ఎరలు నెమ్మదిస్తాయి, బయటివి జోరందుకుంటాయి. నేను బయట ఉన్నాను. నీళ్ళు ఒక్కసారి చిక్కబడ్డట్టనిపించింది, పలక బిగుసుకుంది, గాలాలు గలగలలాడాయి. అప్పుడే పక్క నుంచి దెబ్బ. నడుముకు అడ్డంగా కరిచింది. రీలు కీచుమంది. పడవలో కుర్రాడు కర్ర మీదికి దూకాడు.

“కంగారుపడకు నాయనా, దారం సడలనీయకు!” అంది కెప్టెన్. వలలోకి రాగానే ఆవిడ చేపను పైకి ఎత్తలేదు. నీళ్ళలోనే ఉంచి కట్టరుతో నా గాలపు కొనలు రెండు తెంపేసింది. గాలం డబ్బులు పెడితే దొరుకుతుంది. ఆ చేప ఆ సైజుకు రావడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టి ఉంటుంది. తోక మొదలు పట్టుకుని నిలబెడితే, మొప్పలు నాలుగైదుసార్లు ఆడాక విదిలించుకుని వెళ్ళిపోయింది. ఇక్కడ దాదాపు అందరూ అలాగే వదిలేస్తారు. సెయింట్ లారెన్స్ నదిలో ఒంటారియో పరిధిలోనైతే 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోవడం చట్టవిరుద్ధం కూడా. నీళ్ళు 27 డిగ్రీలకు చేరితే మా కెప్టెన్ అసలు కర్రలే దింపదు. ఆ వేడిలో పోరాడి అలసిన చేప, వదిలినా బతకడం కష్టం.

చేప వెళ్ళాక ఆవిడ వేగం ఐదుకు పెంచింది. మలుపులో బయటి ఎరను కరిచిందంటే జోరు కావాలని చేపే చెప్పినట్టు. లోపలిదాన్ని కరిచి ఉంటే తగ్గించేది. సాయంత్రంలోగా ఎడమ బోర్డు మీద మరొకటి పడింది.

ఆ కాటుకు నా పలక బీటలిచ్చింది. చలికాలంలో గరాజులో కొత్త పలక అతికించారు. పలక మారితే ఈత మారుతుంది, పాత హద్దులు పనికిరావు. మొన్న కెప్టెన్ నన్ను పడవ పక్కనే ఆరడుగుల దారం మీద వదిలి మూడు, నాలుగు, ఐదు మైళ్ళ మీద చూసింది. ఐదు దగ్గర కుడికి లాగాను. నోస్‌ప్లయరుతో ముక్కు కన్నాన్ని ఎడమకు వెంట్రుకవాసి వంచింది. తిన్నగా వెళ్ళాను. ఐదున్నరకు మళ్ళీ తిరగబడ్డాను. “ఐదు దాకా” అని నా పొట్ట మీద మార్కరుతో రాసి, జూలైలో వాడే ఎరల పెట్టెలోంచి తీసి అక్టోబరు పెట్టెలో పెట్టింది.