మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్న పెళ్లివారు

శనివారం సాయంత్రం. వాడరేవు ఒడ్డున, లైట్‌హౌస్‌కి కాస్త ఇవతల, చీరాల పెళ్లికి వచ్చిన చుట్టాలు కొందరు చాప పరుచుకుని కూర్చున్నారు. చేపల వేపుడు వచ్చేలోపు కాలక్షేపానికి ఎవరో ఒక మాట ఎత్తారు. వేపుడు వచ్చింది, చల్లారింది, సగం కుక్కలపాలైంది. మాట మాత్రం తెగలేదు. పొలం గట్టు తగాదా కాదు, పార్టీల గొడవా కాదు. పాస్‌వర్డుల ఫైలు ఏ క్లౌడ్‌లో పెట్టుకోవాలన్నదే ఆ పంచాయితీ.

"డ్రాప్‌బాక్సే బావా. సింక్ అవడంలో దాన్ని కొట్టింది లేదు" అన్నాడు గచ్చిబౌలి బావమరిది.

"ఆ డ్రాప్‌బాక్సు గుట్టు 2012లోనే రచ్చకెక్కింది కదరా. గూగుల్ డ్రైవ్ పెట్టుకో, హాయిగా పడుకో" అన్నాడు బావ.

వీడియో కాల్‌లో డాలస్ అన్నయ్య పెదవి విరిచాడు. "గూగుల్‌వాడు అన్నీ చదువుతాడ్రా. ఐక్లౌడ్‌కి వచ్చెయ్యండి."

నాలుగో ఆయన వరసకి మామయ్య. ఆయన ఓటు వన్‌డ్రైవ్‌కి. కారణం అడిగితే ఎన్‌క్రిప్షన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "సత్య నాదెళ్ల మనవాడేనయ్యా" అన్నాడు. నాదెళ్ల వారి మూలాలు అనంతపురం వైపు బుక్కాపురంలో ఉన్నాయి. నీళ్ల దగ్గర, రాజధాని దగ్గర గుర్తొచ్చే కోస్తా–సీమ తేడా క్లౌడ్ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోవడం ముచ్చటైన సంగతే. మరీ లోతుగా అడిగితే "మనవాడు" అన్న మాట జిల్లాతో ఆగదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు.

గుంటూరు, ప్రకాశం మెట్టల్లో పుట్టి పెరిగినవాళ్లు మబ్బును ఇంతగా నమ్మడం ఒక వింత. కళ్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతు ఆకాశం వంక ఎలా చూస్తాడో వీళ్లు చిన్నప్పుడు చూసినవాళ్లే. నాలుగు చినుకులు పడితే కాయ రంగు తిరిగి తాలుకి పోతుంది, ధర సగమవుతుంది. విడిచిన పత్తి తడిస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఆ నాన్నల కొడుకులు ఇప్పుడు మబ్బులో ఏ మబ్బు మేలని తేల్చుకోలేక చస్తున్నారు.

ఇంతకీ దాచేది ఏమిటి? కీపాస్ లాంటి పాస్‌వర్డు మేనేజర్ తయారుచేసే చిన్న ఫైలు. డొమినిక్ రైష్ల్ అనే జర్మన్ 2003లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. బ్యాంకు, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, పిల్లల స్కూలు యాప్, అన్ని పాస్‌వర్డులూ అందులో వేసి ఒక్క మాస్టర్ పాస్‌వర్డుతో తాళం వెయ్యాలి. ఫైలు ఫోన్లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేలా ఉండాలంటే మధ్యలో ఒక క్లౌడ్ కావాలి. ఇక్కడిదాకా అందరిదీ తెలివైన పనే.

ఆ ఫైలు సైజు రెండొందల కిలోబైట్లు ఉంటే ఎక్కువ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అలాంటివి డెబ్బై వేలకు పైగా పడతాయి. అయినా పెళ్లివారిలో ఒకాయన దీనికోసమే డబ్బు కట్టి స్థలం పెంచుకున్నాడు. ఒక్క ఎండుమిరపకాయ చేత్తో పట్టుకుని గుంటూరు కోల్డ్ స్టోరేజీలన్నీ తిరిగి, ఏ చాంబర్లో చలి బాగుందని వాకబు చేసి, చివరికి ఒక చాంబర్ మొత్తం అద్దెకు తీసుకున్నట్టు.

అసలు తమాషా ఏమిటంటే, ఫైలు ఇల్లు దాటకముందే దానికి తాళం పడిపోతుంది. ఏఈఎస్ 256 బిట్ల తాళం. దాని మీద, ఊహించి తెరవబోయేవాడి ప్రతి ప్రయత్నాన్నీ నత్తనడక నడిపించే ఆర్గాన్2 అనే కాపలా. 2015లో పాస్‌వర్డు హాషింగ్ పోటీ గెలిచింది అదే. తాళంచెవి తప్ప మిగతాదంతా శత్రువు చేతికి చిక్కినా గుట్టు దాగాలని గూఢలిపి పండితుడు ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాసిపెట్టాడు. అంటే ఫైలు దొంగ చేతిలో పడుతుందని ముందే ఒప్పేసుకుని కట్టిన ఏర్పాటు ఇది. ఇనప్పెట్టెకి తాళం వేసి లారీలో పంపుతూ, లారీ అశోక్ లేలాండా టాటాయా అని రాత్రంతా వాదించుకునేవాణ్ని ఏమనాలి?

ఒకరి క్లౌడ్ మీద ఒకరు వేసే నిందలు మాత్రం అబద్ధాలు కావు. 2011 జూన్‌లో డ్రాప్‌బాక్సు దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డు కొట్టినా తలుపు తీసేసింది. 2012లో దాని దగ్గర పోయిన ఖాతాల వివరాలు 6 కోట్ల 80 లక్షలకు పైనే అని నాలుగేళ్లకు గానీ బయటపడలేదు. అక్కడ జరిగిన మూల తప్పు కూడా మనింట్లో జరిగేదే: ఉద్యోగి ఒకడు ఒకే పాస్‌వర్డును రెండుచోట్ల వాడాడు. 2014లో ఐక్లౌడ్ నుంచి హాలీవుడ్ తారల ఫొటోలు వీధిన పడ్డాయి. చాలావరకు దొంగ మెయిళ్లు నమ్మి వాళ్లు చేజేతులా పాస్‌వర్డులు ఇవ్వబట్టే. 2023 నవంబరులో కొందరు డెస్క్‌టాప్ గూగుల్ డ్రైవ్ వాడుకరులకు నెలల తరబడి దాచిన ఫైళ్లు కనబడకుండా పోయాయి. అన్నీ నిజాలే. మామయ్యకి ఇవేవీ పట్టవు, మనవాడు మనవాడే.

పెళ్లివారు తడమని కథ లాస్ట్‌పాస్ అనే ఇంకో పాస్‌వర్డు మేనేజర్‌ది. వేపుడు చల్లారబెట్టుకుని మరీ మాట్లాడుకోవాల్సింది దాని గురించి. 2022 ఆగస్టులో మా డెవలప్‌మెంట్ విభాగంలోకి ఎవరో చొరబడ్డారని కంపెనీ చెప్పింది. డిసెంబరు 22న, పండగ సెలవులకు జనం సూట్‌కేసులు సర్దుకుంటున్న వేళ, అసలు సంగతి చెప్పింది: వినియోగదారుల పాస్‌వర్డు పెట్టెల బ్యాకప్ కాపీలు దొంగ ఎత్తుకుపోయాడు. ఆ కాపీలున్నది అమెజాన్ క్లౌడ్‌లో. ప్రపంచంలో అంతకన్నా పెద్ద మబ్బు లేదు, ఆ మబ్బుకి చిల్లూ పడలేదు. చిల్లు పడింది ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటర్‌కి. ఆ బ్యాకప్‌ల తాళాలు కంపెనీ మొత్తం మీద నలుగురికే అందుబాటులో ఉండేవి. నలుగురిలో ఒకాయన ఇంట్లో సినిమాలూ పాటలూ నడిపించే ఒక మీడియా సాఫ్ట్‌వేర్ ఉంది, దానిలో లోపం ఉంది. అందులోంచి దూరి, ఆయన కీబోర్డు మీద ఏం నొక్కుతున్నాడో చూసే దొంగ ప్రోగ్రాం పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డు పట్టేశారు. ఎత్తుకుపోయిన ఆ పెట్టెల్లో, వినియోగదారుడు ఏయే వెబ్‌సైట్లు వాడుతున్నాడో ఆ చిరునామాలకు అసలు ఎన్‌క్రిప్షనే లేదు. మాస్టర్ పాస్‌వర్డు గట్టిగా పెట్టుకున్నవాడి పెట్టె దొంగ దగ్గరే ఉన్నా తెరుచుకోదు. పెంపుడు కుక్క పేరు పెట్టుకున్నవాడి సంగతి వేరే చెప్పాలా?

మరి మన పెట్టెల తాళాలు ఎలాంటివి? మనకు పాస్‌వర్డు పెట్టడం నేర్పిన బడి ఆధార్. ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుంటే దాన్ని తెరిచే పాస్‌వర్డు పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. సుబ్బారావు 1975లో పుడితే ఎస్‌యూబీబీ1975. దేశం దేశమంతా దీన్ని కంఠతా పట్టి, ఇదే పాస్‌వర్డంటే అనుకుంది. ఆ నమూనాలోనే భార్య పేరు, పిల్లాడి పుట్టినరోజు, కారు నంబరు. జాగ్రత్తపరులైతే చివర ఒక ఎట్ గుర్తు తగిలిస్తారు. ఆర్గాన్2 ఎంత నత్తనడక నడిపించినా, మొదటి వంద ఊహల్లోనే దొరికే పాస్‌వర్డుకి నత్త ఏం చేస్తుంది?

కొంతమందికి కీఫైల్ అనే రెండో తాళం కూడా తెలుసు. మాస్టర్ పాస్‌వర్డుతోపాటు ఆ చిన్న ఫైలు కూడా ఉంటేనే పెట్టె తెరుచుకుంటుంది. మంచి ఏర్పాటు. గచ్చిబౌలి బావమరిది దాన్ని భద్రంగా దాచుకున్నాడు, అదే డ్రాప్‌బాక్సులో, అదే ఫోల్డర్లో, పాస్‌వర్డుల ఫైలు పక్కనే. బీరువాకి తాళం వేసి తాళంచెవి బీరువా చిలక్కొయ్యకే తగిలించినట్టు.

డాలస్ అన్నయ్యది ఇంకో రకం పాండిత్యం. ఐక్లౌడ్ పాస్‌వర్డు కూడా చాలా గట్టిది పెట్టుకున్నాడు, గుర్తుండదు కాబట్టి పాస్‌వర్డుల ఫైల్లోనే రాసుకున్నాడు. ఆ ఫైలు ఐక్లౌడ్‌లో ఉంది. కొత్త ఫోన్లోంచి ఐక్లౌడ్ తెరవాలంటే కోడ్ పాత ఫోన్‌కి వస్తుంది. వాడరేవు కెరటాల్లో సెల్ఫీ దిగుతూ పాత ఫోన్ జారవిడిచిన మనిషి పరిస్థితి ఏమిటి? ఇల్లు లోపల్నుంచి గడియ పెట్టుకుని అందరూ బయట నిలబడ్డారు. ఈ ఒడ్డున వేటకెళ్లేవాడు సెల్‌ఫోన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి ముడేసుకుని మరీ పడవెక్కుతాడు. అతనికి ఐక్లౌడ్ లేదు, నీళ్లంటే ఏమిటో మాత్రం తెలుసు.

ఇక వలసలు. 2021 మార్చిలో లాస్ట్‌పాస్ ఉచిత ఖాతావాళ్లను ఫోనో కంప్యూటరో ఏదో ఒక్కటే ఎంచుకోమంది. రెండూ కావాలంటే డబ్బు కట్టాలి. జనం మూకుమ్మడిగా బిట్‌వార్డెన్ లాంటివాటికి వెళ్లిపోయారు. సరిగ్గా వందేళ్ల ముందు, 1921లో, చీరాల–పేరాల జనం చేసిందీ వలసే. మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి, రామనగర్ గుడిసెల్లో నెలల తరబడి కాపురాలు పెట్టారు. వాళ్లు వెళ్తూ కుండా చట్టీ సహా మోసుకెళ్లారు. ఇప్పటి మన వలసజీవి డ్రాప్‌బాక్సు నుంచి గూగుల్‌కి, గూగుల్ నుంచి ఇంకోదానికి ఎగిరేటప్పుడు పాత కాపీని ఉన్నచోటే వదిలేస్తాడు. మాస్టర్ పాస్‌వర్డు మార్చానని సంబరపడతాడు గానీ, పాతచోట్ల పడున్న ఫైళ్లు పాత పాస్‌వర్డుకే తెరుచుకుంటాయి. వాటిలోని బ్యాంకు పాస్‌వర్డు ఇప్పటికీ అదే.

సింక్ వేరు, బ్యాకప్ వేరు అన్న ముక్క చెవిన పెట్టేవాడు ఆ చాప మీద ఒక్కడూ లేడు. సింక్ అంటే అద్దం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఫోన్లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేసారి మార్పులు చేస్తే డ్రాప్‌బాక్సు "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అని రెండో ఫైలు పక్కన పడేసి చేతులు దులుపుకుంటుంది. రెంటినీ కలిపే సదుపాయం కీపాస్‌లోనే ఉంది, ఆ మెనూ తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేదు. 2024 మేలో ఆస్ట్రేలియాలో ఆరు లక్షలమందికి పైగా సభ్యులున్న యూనిసూపర్ అనే పింఛను నిధి క్లౌడ్ ఖాతాను గూగుల్ పొరపాటున మొత్తంగా తుడిచేసింది. తేరుకోగలిగారంటే వేరే కంపెనీ దగ్గర ఇంకో కాపీ పెట్టుకున్నారు కాబట్టి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి 858 టెరాబైట్ల ఆఫీసు ఫైళ్లు బూడిదయ్యాయి. వాటికి ఇంకోచోట కాపీ లేదు. గుంటూరు మిర్చి యార్డులో కాస్త అనుభవమున్న రైతెవడైనా టిక్కీలన్నీ, అంటే మిరప బస్తాలన్నీ, ఒకే కోల్డ్ స్టోరేజీలో వెయ్యడు. ఈ వైపు ఎండాకాలంలో కోల్డ్ స్టోరేజీ అంటుకుందన్న వార్త కొత్తదేమీ కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇదే తీరం కరెంటు లేకుండా, సిగ్నల్ లేకుండా ఆకాశం వంక చూసింది. ఆపూట మబ్బులో ఉన్న పాస్‌వర్డు ఎవరికి అందుతుంది? అయిదొందల రూపాయల పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఇంట్లో ఉంటే అదే అక్కరకొచ్చేది.

చాప చివర కూర్చున్న బాబాయి గారు ఈ గొడవలో తలదూర్చలేదు. ఆయనది కమీషన్ వ్యాపారం. జేబులో ఒక పురుగుమందుల కంపెనీ కొత్త సంవత్సరానికి ఇచ్చిన చిన్న డైరీ ఉంది. ముందు పేజీల్లో టిక్కీల లెక్కలు, వెనక పేజీల్లో పాస్‌వర్డులు, నీలం ఇంకులో. కుర్రాళ్లు చూసి నవ్వారు. పాస్‌వర్డు గట్టిది పెట్టుకుని, కాగితం మీద రాసి పర్సులో పెట్టుకొమ్మని బ్రూస్ ష్నయర్ అంతటి భద్రతా నిపుణుడు 2005లోనే చెప్పాడు. ఎక్కడో విదేశంలో కూర్చున్న దొంగకి బాబాయి గారి జేబు అందదు. అలాగని ఆయన్ని రుషిని చెయ్యనక్కర్లేదు. ఆ వెనక పేజీలో అన్ని బ్యాంకులకీ ఒకటే పాస్‌వర్డు, అది ఆయన సెల్ నంబరే.

విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం కట్టబోతున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించాక మామయ్య కాస్త మెత్తబడ్డాడని చెప్పాలి. "మనూళ్లోనే మబ్బు కడుతున్నప్పుడు ఆలోచించొచ్చు" అన్నాడు. పాస్‌వర్డులకు కూడా స్థానిక కోటా ఉండాలన్న ఆలోచన ఇంకా ఏ మేనిఫెస్టోలోనూ రాలేదు.

రాత్రి పదింటికి తీర్పు వచ్చింది. డ్రాప్‌బాక్సు వద్దు, గూగుల్ వద్దు, ఐక్లౌడ్ వద్దు. స్విట్జర్లాండ్‌వాళ్ల ప్రోటాన్ డ్రైవ్ అయితే గూఢచారులకి కూడా చిక్కదని డాలస్ అన్నయ్య చెప్పాడు, అందరూ ఒప్పుకున్నారు. ఖాతా తెరిచే బాధ్యత బావమరిదిది. ఇసుకలో సిగ్నల్ సరిగా లేదు కాబట్టి బావ తన పాస్‌వర్డుల ఫైలును తేలికదారిలో పంపాడు. 186 మంది ఉన్న పెళ్లి వాట్సాప్ గ్రూపులో పెట్టి, "రేపు పొద్దున ఎక్కించిపెట్టు బామ్మర్దీ" అన్నాడు. కింద ఇంకో మెసేజ్‌లో మాస్టర్ పాస్‌వర్డు: ఇంటిపేరు, ఎట్ గుర్తు, 2013.

బాబాయి గారు నమస్కారం బొమ్మ పెట్టారు. ఆ వెంటనే బావగారి భార్య మెసేజ్ వచ్చింది.

"ఏవండీ, మన పెళ్లి 2012లో."