గడ్డికి గ్యారంటీ, మాలికి మొండిచెయ్యి

హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో తోట పని కాంట్రాక్టు కాగితం ఎప్పుడైనా తీరిగ్గా చదవండి. గడ్డికి ఎంత మర్యాదో! ఎత్తు ఇంత దాటకూడదు. వేసవిలో రెండు పూటలా నీళ్లు. నెలకోసారి ఎరువు. మొక్క చచ్చిపోతే అదే రకం, అదే ఎత్తు మొక్క సొంత ఖర్చుతో నాటాలి. ఇంత రాశాక ఆఖరి పేజీలో మాలి గుర్తొస్తాడు. అతనికి ఒకటే ముక్క: ‘జీతభత్యాలు నిబంధనల ప్రకారం’. ఏ నిబంధనలండీ అంటే ఏజెన్సీ అసోసియేషన్ వైపు చూస్తుంది, అసోసియేషన్ ఏజెన్సీ వైపు చూస్తుంది.

అలాగని మన దేశంలో నిబంధనలకేం కొరత లేదు. 1948లోనే కనీస వేతనాల చట్టం తెచ్చుకున్నాం. 1957లో భారత కార్మిక సదస్సు పదిహేనోసారి కూర్చుని మనిషి బతకడానికి ఏం కావాలో గీసి లెక్కేసింది. రోజుకి 2,700 కేలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, వంటచెరకు. భర్త ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6, వెరసి మూడు. (ఎండలో నడుం వంచి లాన్లో కలుపు పీకేది ఆ 0.8 గారే. గడ్డికి ఆ సంగతి తెలీదు కనక ఒక్కటిగానే ఊడొస్తుంది.) కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో తేల్చేసింది. పిల్లల చదువు, మందులు, పండగ, పెళ్లి, ముసలితనం కూడా ఉంటాయి కదా, వాటికి ఇంకో 25 శాతం కలపండని 1991లో మరో తీర్పులో చెప్పింది.

ఇంత విన్న తరవాత 2019లో కేంద్రం ఏం చేసిందంటే, దేశమంతటికీ అడుగుమట్టంగా చెప్పే రోజుకూలీని 176 రూపాయల నించి 178కి పెంచింది. అక్షరాలా రెండు రూపాయలు. తాము వేసిన నిపుణుల సంఘమే 375 అని రాసిచ్చినా సరే. రెండు రూపాయలకి ఏమొస్తుందని మా కిరాణా కొట్టాయన్ని అడిగితే, చిల్లర లేనప్పుడు చేతిలో పెట్టే చాక్లెట్లు రెండొస్తాయన్నాడు. మన తెలంగాణ మాత్రం తక్కువ తిందా? 2021 జూన్‌లో ఐదు రంగాలకి కొత్త వేతనాల జీవోలు ఇచ్చి, గెజిట్లో అచ్చు వేయడం మాత్రం మర్చిపోయింది. గెజిట్‌కెక్కని జీవో అంటే శుభలేఖలు పంచి ముహూర్తం పెట్టని పెళ్లి.

ఇక అసలు తమాషా ‘స్కిల్’ దగ్గరుంది. మందార రెమ్మ తిప్పి చూసి పిండినల్లి పట్టిందని చెప్పేవాడు, గులాబీని ఏ కణుపు పైన కత్తిరిస్తే ఎటు చిగురేస్తుందో తెలిసినవాడు, మన రికార్డుల్లో అన్‌స్కిల్డ్. మూడు జేబుల చొక్కా తొడుక్కుని అతని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే సూపర్‌వైజరు స్కిల్డ్. దీనికీ విరుగుడుంది లెండి. తోటమాలి ఉద్యోగానికి నైపుణ్య కోర్సు ఉంది, పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది. అది తెచ్చుకున్న మాలిని ఏజెన్సీ వారు చాలా గౌరవిస్తారు. బిల్లులో అతన్ని స్కిల్డ్ అని రాసుకుంటారు. జీతం రిజిస్టరు వేరే బీరువాలో ఉంటుంది, అందులో మనిషి పాతవాడే.

పోనీ ప్రాణం మీదికొచ్చే శిక్షణ సంగతి చూద్దామా? డబ్బుకి పురుగుమందు కొట్టే లైసెన్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, ఆపైన కనీసం పదిహేను రోజుల శిక్షణ పొందాలి. ఆ శిక్షణ ఇచ్చే సంస్థ ఎక్కడో లేదు, మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. కలుపుమందు గ్లైఫోసేట్‌ని లైసెన్సున్న వాళ్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఇప్పుడు జనరేటరు రూము వెనక్కి రండి. మాలి వీపున పదహారు లీటర్ల ట్యాంకు, కాళ్లకి హవాయి చెప్పులు, మూతికి తువ్వాలు. డబ్బా మీది త్రికోణం ఎరుపో నీలమో చూసే తీరిక లేదు, మూతతో రెండు కొలతలు పోసి పుల్లతో కలుపుతున్నాడు. శిక్షణ అక్కడే, అప్పుడే పూర్తయింది: ‘గాలికి ఎదురు కొట్టకు.’ సాయంత్రం గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్ వస్తుంది: ‘ఈ రోజు మందు కొట్టారు, దయచేసి పెంపుడు కుక్కల్ని లాన్లోకి తేవద్దు.’

కాలం మారిందంటారా? మారింది. 2025 నవంబరు 21 నించి కొత్త వేతన కోడ్ అమల్లోకొచ్చింది. పాత చట్టం జాబితాలో ఉన్న పనులకే కాదు, అన్ని పనులకీ కనీస వేతనం. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలి. తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్ ఇకనించి సలహాదారు కూడా. ముందు సరిదిద్దుకోమని గడువిస్తాడు, అప్పటికీ దిద్దుకోకపోతేనే కేసు. మొదటిసారి తక్కువ జీతమిచ్చి దొరికిపోతే జరిమానా ఎంత పెద్దదైనా 50,000 దాటదు.

పన్నెండు మంది మాలీలకి నెలకి తలా మూడు వేలు తగ్గించామనుకోండి, నెలకి 36,000 మిగులు. నెలన్నర తిరక్కుండానే జరిమానా వసూలైపోతుంది, అదీ దొరికితే. ఈ లెక్క మా ట్రెజరర్ గారి చెవిన మాత్రం వెయ్యకండి. వచ్చే జనరల్ బాడీలో మెయింటెనెన్సు చదరపు అడుగుకి పావలా తగ్గిస్తానని లేచి నిలబడతారు, మేమంతా చప్పట్లు కొట్టేస్తాం.