మార్జిన్ మామ

రైలు ఎనిమిదికి అంటే మా మామ ఏడింటికే కోవిల్‌పట్టి స్టేషన్లో ఉంటాడు. చంకలో గొడుగు, అదీ నడివేసవిలో. చేతిలో కడలై మిఠాయి పొట్లాలు, దారిలో చుట్టాలెవరైనా తగిలితే ఉంటాయని రెండు ఎక్కువే. నలుగురొస్తామని కబురు పెడితే ఆరుగురికి ఎసరు పెట్టిస్తాడు. ఎందుకు మామా అంటే, “మార్జిన్ రా అల్లుడూ!”

ఆ మాట ఆయనకు 2005లో పట్టుకుంది. బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చి ఫోను తీగ మీదే ఇంటర్నెట్ పారిన ఏడాది అది. అందరూ మోడెం తగిలించి వాళ్ల పనిలో పడ్డారు. మామ మోడెంలోకే దూరాడు. 192.168.1.1, అడ్మిన్, అడ్మిన్! లోపల ‘నాయిస్ మార్జిన్’ అని ఒక అంకె కనబడింది.

తీగలో రొద ఎప్పుడూ ఉంటుంది. దాని మీద సిగ్నల్ ఎంత పైకి తేలితే అన్ని బిట్లు ఎక్కించవచ్చు. నిండా ఎక్కిస్తే రొద కాస్త పెరిగినా లైను తెగుతుంది. అందుకని కొంత ఖాళీ వదులుతారు, మామూలుగా 6 డెసిబెల్‌లు. ఆ అంకె పెట్టేది ఎక్స్‌చేంజీవాళ్లే అయినా, మార్చుకునే వీలు కొన్ని మోడెంలలో ఉంటుంది. మామకు దొరికింది అలాంటిదే. 9 పెట్టాడు. ఒక ఫొటో పూర్తిగా దిగేలోపు అత్త నాలుగు దోసెలు పోసేది.

విరుదునగర్‌లో ఆయన బావమరిది, మిరపకాయల వ్యాపారి. రైలు కూత వినబడ్డాక నూనె పరోటాకు ఆర్డరిచ్చే రకం. ఆయన మోడెంలో మార్జిన్ 1. “అంత చోటు ఖాళీగా వదిలితే అది గోదామా బావా?” అంటాడు. నెట్ గుర్రంలా పరిగెత్తేది, పక్కింట్లో ట్యూబ్‌లైటు వేసేదాకా.

ఇక చానెల్ ప్రొఫైల్ గొడవ వేరు. మామ ఎక్స్‌చేంజీకి వెళ్లి అడిగి మరీ ‘ఇంటర్‌లీవ్’ వేయించుకున్నాడు. బావమరిది ‘ఫాస్ట్’. ఇంటర్‌లీవ్‌లో సమాచారాన్ని ముక్కలు చేసి, కలగాపులగం చేసి పంపుతారు. రొద ఒకచోట కొట్టినా దెబ్బను ముక్కలన్నీ తలాకాస్తా పంచుకుంటాయి, సరిదిద్దడం తేలిక. కాకపోతే ఆలస్యం.

మామ మాటా అంతే. మోడెంతో మొదలై నల్లరేగడిలోకి దిగుతాడు. అక్కణ్ణుంచి పక్కనున్న ఇడైసెవల్, అక్కడి రచయిత కి. రాజనారాయణన్, ఆయన నవల ‘గోపల్ల గ్రామం’, మన తెలుగువాళ్లు ఉత్తరాన్నించి ఈ కరిసల్ నేలకు ఎలా వచ్చిపడ్డారో ఆ కథ, మధ్యలో కాఫీ. చివరి దాకా కూర్చున్నవాడికి ముక్కలన్నీ అతుకుతాయి. మిక్సీ తిరిగినా కథ చెడదు. అత్తది ఫాస్ట్ ప్రొఫైల్: “బియ్యం అయిపోయినై.” సరిగ్గా అప్పుడే మిక్సీ తిరిగిందా, ఆ పూట పస్తే.

డేటావన్ నడిచే ఏడీఎస్ఎల్ పద్ధతి, తీగలోని ఫ్రీక్వెన్సీలను 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున బాటలుగా చీలుస్తుంది. ఒక రాత్రి 244వ బాటలో బిట్లు సున్నా. మామ కాగితం మీద గుణించి చూశాడు, 1053 కిలోహెర్ట్జ్ దగ్గర తేలింది. తూత్తుకుడి ఆకాశవాణి మీడియం వేవ్! “రేడియో మనింటికొచ్చిందిరా!” అని వీధంతా పిలిచి చూపించాడు, పెద్దల్లుడు వచ్చినంత సంబరంగా.

తర్వాత కొన్నాళ్లకు కొత్త జబ్బు. రోజూ రాత్రి తొమ్మిదింటికి లైను ఠంచనుగా తెగేది. మామ మార్జిన్‌ను 12 చేశాడు, 15 చేశాడు. నెట్ నత్తలా పాకసాగింది, తొమ్మిదింటికి మాత్రం తెగుతూనే ఉంది. నోటుపుస్తకంలో నెల రోజుల లెక్క రాశాడు. ఆ లెక్క అత్త ఒక్కసారి చూసింది.

“తొమ్మిదింటికేగా మా తమ్ముడు ఫోన్ చేసేది?”

వంటింట్లోకి మామ స్వయంగా లాగిన రెండో ఫోనుకు, దాని రొద మోడెం సిగ్నల్‌లో కలవకుండా ఆపే ఫిల్టర్ లేదు. అది మోగినప్పుడల్లా లైను తెగుతోంది. ఇంతకూ బావమరిది ఫోన్ చేసేది ఎందుకు? మార్జిన్ తగ్గించుకోమని చెప్పడానికి!

మర్నాడే ఫిల్టర్ పెట్టాం. జబ్బు కుదిరింది. “ఇంకేం మామా, 6కి దింపేద్దామా?” అన్నాను.

మామ నోటుపుస్తకం మూసి, 9 దగ్గర ఆగాడు.

“బావమరిది ఉన్నవాడు ఆరుతో ఎట్లా బతుకుతాడ్రా?”